గుండెల మీద చెయ్యి

పోలేరమ్మ వెల్లకిలా పడుకొని ఎనిమిది నెలలైంది.

వినడానికి ఇదేమంత పెద్ద కష్టంలా ఉండదు. పడుకోకపోతే ఏం, కూర్చొని కునికితే పోలేదా అనుకుంటాం. అలా అనుకునేవాళ్లను ఒక్క వారం కూర్చొని నిద్రపొమ్మనండి, తెలుస్తుంది. వీపు నేలకు ఆనితే చాలు, ఆమెకు ఊపిరి అందేది కాదు. "నీళ్లలో మునిగినట్టు ఉంటాదే" అనేది మేనకోడలు వినీలతో. వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పాళెంలో పుట్టి, అక్కడే అరవై రెండేళ్లు బతికిన మనిషి ఆ మాట ఊరికే అనదు. ఆమె తండ్రి వేటకు పోయి మునిగిపోయినవాడే.

అందుకని రోజూ ఆమె మొగుడు కామాక్షయ్య గోడకు ముఖం పెట్టి కూర్చునేవాడు. ఆయన వీపుకు తన వీపు ఆనించి పోలేరమ్మ కునుకు తీసేది. మొదట్లో దిండ్లు పెట్టి చూశారు, ఎండుచేపల మూటలు పెట్టి చూశారు. అన్నీ కాసేపటికి జారిపోయాయి. కామాక్షయ్య జారలేదు. ఆయన ఎప్పుడు నిద్రపోయేవాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన మాటలు పొదుపుగా వాడే మనిషి.

ఇంట్లో మాటలన్నీ పోలేరమ్మవే. ముప్పై ఏళ్లుగా ఎండుచేపల తట్టతో గూడూరు సంతకు వెళ్లేది. ఆమె "నెత్తళ్లోయ్!" అని కేక పెడితే స్టేషన్లో రైలు దిగేవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లని పాళెంలో చెప్పుకుంటారు. కొంచెం ఎక్కువే చెప్పుకుంటారనుకోండి, అయినా పూర్తిగా అబద్ధం కాదు. అలాంటి గొంతు ఇప్పుడు మూడు మాటలకొకసారి ఆగి, ఊపిరి వెతుక్కుంటోంది.

తల్లి పోయిన వినీలను ఆ తట్ట పక్కనే కూర్చోబెట్టుకొని పెంచింది పోలేరమ్మే. ఆ పిల్ల ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఎకో టెక్నీషియన్. ఛాతీ మీద జెల్లు రాసి, చేతిలో పట్టే చిన్న యంత్రం ఆనించి, లోపల గుండె ఎలా కొట్టుకుంటోందో తెర మీద చూపించడం ఆమె పని. రోజుకు పాతిక ముప్పై గుండెలు చూస్తుంది. అత్త గుండెను చూసిన రోజు మాత్రం బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

రెండేళ్ల కిందట వచ్చిన గుండెపోటు వల్ల పోలేరమ్మ గుండెలో ఎడమ గది సాగిపోయింది. గది సాగితే దాని తలుపు రెక్కలు ఒకదానికొకటి అందుతాయా? డాక్టర్లు కవాటం అంటారు గానీ, కవాటమంటే తలుపే కదా. రెండు రెక్కల తలుపు. రక్తాన్ని ముందుకు పంపి టక్కున మూసుకోవలసింది మూసుకోవడం మానేసింది. కొట్టుకున్న ప్రతిసారీ రక్తంలో సగం వెనక్కి, ఊపిరితిత్తుల వైపు తన్నేది. మునిగిపోతున్నానని ఆమె అన్నది అక్షరాలా నిజం. నీళ్లు బయట కాదు, లోపలే ఉన్నాయి.

ఆరు నెలలు మందులు వాడారు. ఇక ఆ మందులు చేయగలిగింది లేదన్నాడు గుండె డాక్టరు నరేంద్రబాబు. ఛాతీ కోస్తే ఈ గుండె తట్టుకోదని కూడా అన్నాడు. అప్పుడు వినీల మొహం చూసి, కుర్చీ ముందుకు జరుపుకొని, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు.

"కోయకుండా చేసేది ఒకటుంది. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం గుండెలోకి పంపుతాం. దాని చివర ఒక క్లిప్పు ఉంటుంది. ఆ రెండు రెక్కల్నీ మధ్యలో కలిపి పట్టేసి, గొట్టం వెనక్కి లాగేస్తాం. క్లిప్పు అక్కడే ఉండిపోతుంది. మన ఆసుపత్రిలో ఇంతవరకూ చేయలేదు. వచ్చే గురువారం చెన్నై నుంచి పెద్ద డాక్టరు ఒకాయన వస్తున్నాడు, దగ్గరుండి చేయిస్తాడు. మొదటి కేసు కాబట్టి ఖర్చు ఆసుపత్రి ట్రస్టే చూసుకుంటుంది. మీ అత్త గుండె దానికి సరిపోతుంది వినీలా. నేను కొలతలు చూశాను."

వినీలకు ఆ గదిలోనే గంతులేయాలనిపించింది. బయట బెంచీ మీద ముందుకు వంగి కూర్చున్న అత్త దగ్గరికి దాదాపు పరుగెత్తింది.

అంతా విని పోలేరమ్మ అడిగింది. "క్లిప్పంటే... ఏందే? తీగ మీద... గుడ్డలకు పెడతామే... అదా?"

"అట్టాంటిదే అత్తా. చిన్నది."

"గాలొస్తే... ఎగిరిపోదా?"

"గుండెలో గాలి యాడ ఉంటాది అత్తా!"

"అందుకే గదే... నాకు గాలాడంది" అంది పోలేరమ్మ. తన హాస్యానికి తనే నవ్వబోయి, దగ్గొచ్చి ఆగిపోయింది.

అటుగా వచ్చిన నరేంద్రబాబు ఆమె భుజం తట్టాడు. "నువ్వేం దిగులు పెట్టుకోవద్దమ్మా. గుండెల మీద చెయ్యేసుకొని నిద్రపో. మేం చూసుకుంటాం."

అలవాటుగా నోటికొచ్చిన మాట. అన్నాక ఆయనకే తెలిసింది, ఎవరితో అన్నాడో.

"నిద్ర పోడానికే గదా సామీ... మీ దగ్గరికొచ్చింది" అంది పోలేరమ్మ.

కాగితాల మీద వేలిముద్ర వేసే ముందు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. తొడలో గొట్టం దూర్చినా సరే, గుండెలో క్లిప్పు పెట్టినా సరే, తనను మాత్రం వెల్లకిలా పడుకోబెట్టకూడదు.

"కూర్చోనుండంగానే మత్తిస్తారు అత్తా. నాకు తెలుసు గదా. నువ్వు మేలుకోనుండంగా నిన్నెవరూ పడుకోబెట్టరు. నేను పడుకోబెట్టనీను" అంటూ వినీల అత్త నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఒట్టు."

సంతోషంలో మనిషి ఎన్ని ఒట్లయినా వేస్తుంది.

గురువారానికి ఇంకా పది రోజులుంది. ఈలోగా ఒంట్లో నీరు దిగాలి. దానికి మాత్రలు, కొలిచి తాగే నీళ్లు, ఉప్పు బంద్. రోజూ పొద్దున్నే తూకం చూసి వినీలకు ఫోను చెయ్యాలి. ఆ పని కామాక్షయ్యది. ఆయన ఫోనులో అంకె చెప్పి పెట్టేసేవాడు. యాభై ఏడు. యాభై ఆరున్నర. యాభై ఆరు. వినీల ఆ అంకెల్ని చెయ్యి వెనక పెన్నుతో రాసుకొని రోజంతా చూసుకునేది. నాలుగో రోజు యాభై ఆరున్నర అన్నాడు. ఐదో రోజు యాభై ఏడు దాటింది.

నరేంద్రబాబు మొహం ముడుచుకుంది. "ఇంత నీరు పెట్టుకొని మత్తివ్వలేం. బుధవారం పొద్దుటికి యాభై ఐదుకు దిగాలి. దిగకపోతే ఈ గురువారం ఇంకొక పేషెంటుకు ఇచ్చేయాల్సొస్తుంది. చెన్నై ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడో నాకే తెలీదు. ఈ గుండె అంతదాకా ఆగుతుందో లేదో అదీ చెప్పలేను."

ఆదివారం పొద్దున్నే వినీల బస్సెక్కింది. గూడూరులో ఇంకో బస్సు, వాకాడులో ఆటో. దారంతా అత్త మీద కోపం, అత్త పోతుందేమోనన్న భయం, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఇంట్లోకి అడుగు పెట్టగానే పొయ్యి దగ్గరికి పోయింది. ఉప్పు జాడీ లేదు. చారు వేలితో నాకి చూసింది. చప్పగా ఉంది. అన్నం, పప్పు, అన్నీ చప్పగానే ఉన్నాయి.

"ఉప్పు మానేసినా గదే" అంది పోలేరమ్మ గడపలో కూర్చొని. "జాడీ కూడా... పక్కింటోళ్లకు ఇచ్చేసినా. మీ మామనడుగు."

కామాక్షయ్య తల ఊపాడు.

మరి ఈ నీరు ఎక్కడినుంచి వస్తున్నట్టు? వినీల తల పట్టుకొని కూర్చుంది. ఇంతలో భోజనాల వేళయింది. పోలేరమ్మ కంచం ముందుకు లాక్కొని, వెనకనుంచి చిన్న గిన్నె తీసి, అందులోంచి కాల్చిన ఎండు నెత్తళ్లు గుప్పెడు అన్నంలో నలుపుకుంది.

"అత్తా! అదేంది?"

"నెత్తళ్లు. చప్పిడి కూడు... నోట్లోకి పోడంలేదే. రెండు కాల్చుకుంటే..."

"నువ్వు ఉప్పు తినకూడదు గదా!"

"ఉప్పేడుందే?" పోలేరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది చేప."

నవ్వకండి. ముప్పై ఏళ్లుగా ఆమె లెక్కలో ఉప్పంటే జాడీలో ఉండేది, చేపంటే తట్టలో ఉండేది. ఒకటి వంటది, ఒకటి వ్యాపారానిది. ఆ రెండూ ఒకచోట కలుస్తాయని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

వినీల గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు అడిగింది. "ఆ చేపకు ఉప్పు పట్టించింది ఎవరత్తా?"

"నేనే. మూడు తట్టలకు... ఒక తట్ట ఉప్పు. నా చెయ్యి... తప్పదు."

"ఆ ఉప్పంతా యాడికి పొయ్యింది మరి?"

పోలేరమ్మ కంచంలోకి చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది.

"సముద్రంలోకైతే పోలేదులే" అన్నాడు కామాక్షయ్య.

పోలేరమ్మ నుదురు కొట్టుకుంది. "చేసుకున్నమ్మకు చేసుకున్నంత! నా చేత్తో వేసిన ఉప్పు... నన్నే మింగతా ఉండాది గదే!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూసి వినీలకు కోపం పోయి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఈలోగా కామాక్షయ్య లేచి, ఇంట్లో ఉన్న ఎండుచేపల మూటలన్నీ ఒక్కొక్కటే భుజానేసుకొని పక్క వీధిలో చెల్లెలింటికి చేరవేశాడు. ఆఖరికి ఆ చిన్న గిన్నె కూడా పట్టుకుపోయాడు.

డాక్టరు ఫోనులోనే మాత్రల మోతాదు పెంచాడు. సోమవారం యాభై ఆరు. మంగళవారం యాభై ఐదున్నర. బుధవారం పొద్దున ఫోను మోగేసరికి వినీల ఎకో గదిలో ఒక పెద్దాయన ఛాతీ మీద జెల్లు రాస్తోంది.

"యాభై నాలుగు ముప్పావు" అన్నాడు కామాక్షయ్య.

వినీల ఎగిరి ఒక్క కేక పెట్టింది. బల్ల మీది పెద్దాయన అదిరిపడ్డాడు. "నా గుండెకేమైందమ్మా?" అన్నాడు.

"మీ గుండె బంగారంలాగుంది తాతా!" అంది వినీల. పరీక్ష ఇంకా మొదలే పెట్టలేదు.

ఆ సాయంత్రమే పోలేరమ్మను ఆసుపత్రిలో చేర్చారు. ఐసీయూ పెద్ద నర్సు రెబెక్కమ్మ చాలా గట్టి మనిషి. వినీలను పక్కకు పిలిచి, వేలు మడిచి ఒక్కొక్కటే చెప్పింది: పొద్దున నీళ్లు కూడా తాగకూడదు, నగలు తీసేయాలి, పని అయిపోయాక నరంలో వేసిన రంధ్రం మానాలి కాబట్టి ఆరు గంటలు కాలు చాచుకొని వెల్లకిలా పడుకోవాలి, తల ఎత్తకూడదు.

వినీల గుండె జారిపోయింది. కూర్చున్నప్పుడే మత్తిస్తారని చూసుకుంది గానీ, మత్తు దిగాక సంగతి ఆలోచించనే లేదు. ఇప్పుడు చెబితే అత్త లేచి బస్సెక్కుతుంది. చెప్పకపోతే నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు గతేం కాను? క్లిప్పు సరిగ్గా కూర్చుంటే అత్త పడుకోగలదు. కూర్చోకపోతే ఆరు గంటలు మునుగుతుంది, తన కళ్లముందే. గుండె చిక్కబట్టుకొని వినీల నోరు మూసుకుంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషను గదిలో పది మంది ఉన్నారు. కూర్చున్న పోలేరమ్మకు మత్తిచ్చి, ఆమె కళ్లు మూతపడ్డాకే పడుకోబెట్టారు. ఒట్టులో సగమైనా నిలబడింది. గొంతులోంచి దింపిన ఎకో గొట్టాన్ని ఒక డాక్టరమ్మ పట్టుకుంది. యంత్రం మీటలు మాత్రం వినీల చేతిలో ఉన్నాయి. చెన్నై ఆయన పొట్టిగా, తెల్ల మీసంతో, పెళ్లికి వచ్చిన మేనమామలా హుషారుగా ఉన్నాడు. ఆయన తెలుగులో సగం అరవం.

"రంగు పోడమ్మా" అన్నాడు, రంగు పెట్టమని.

వినీల మీట నొక్కింది. తెర మీద అత్త గుండె రంగులు తొడుక్కుంది. మూసుకోవలసిన రెక్కల మధ్యనుంచి నీలం, పసుపు, ఎరుపు కలగలిసిన మంట ఒకటి వెనక్కి ఎగజిమ్మింది. కొట్టుకున్న ప్రతిసారీ అదే. ఎనిమిది నెలల నిద్రను తినేసిన దొంగ అదే. వినీలకు దాన్ని చూస్తే పళ్లు నూరాలనిపించింది.

తొడ దగ్గరనుంచి గొట్టం పైకి వచ్చింది. కుడి వైపునుంచి ఎడమ వైపుకు పలచని గోడలో సూది మొనంత దారి చేసుకొని దాటింది. క్లిప్పు రెండు చేతులూ చాపింది. కొట్టుకుంటున్న గుండెలో, ఆపకుండా, కోయకుండా! రెక్కలు ఆడుతున్నాయి, క్లిప్పు వాటి కింద కాచుకొని ఉంది. "ఇప్పుడు" అన్నాడు నరేంద్రబాబు. క్లిప్పు మూసుకుంది.

రంగు పెట్టారు. మంట సగమే తగ్గింది.

"కొంచెం పరవాలేదు" అని గొణిగారెవరో. నరేంద్రబాబు చెన్నై ఆయన వంక చూశాడు. వదిలేయాలా, మళ్లీ పట్టాలా? వినీల బొమ్మను వెనక్కి తిప్పి, ఆపి, పెద్దది చేసింది. ముందు రెక్క బాగా లోపలికి వచ్చింది. వెనక రెక్క కొస మాత్రమే చిక్కింది. డాక్టర్ల మధ్య టెక్నీషియన్లు మాట్లాడకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, ఎవరూ మాట్లాడరు.

"సార్" అంది వినీల. "వెనక రెక్క సరిగ్గా కూర్చోలేదు సార్. కొస మాత్రమే ఉంది. జారిపోతుంది."

చెన్నై ఆయన తల తిప్పాడు. "ఎవరు చెప్పింది?"

వినీల చెయ్యెత్తింది.

ఆయన తెర దగ్గరికి వంగి చూసి, మీసం కిందనుంచి నవ్వాడు. "కరెక్టా చెప్పింది పాప. తెరువు డాక్టర్. మళ్లీ పడదాం."

క్లిప్పు మళ్లీ చేతులు చాపింది. ఒక వెంట్రుక వాసి వెనక్కి జరిగింది. ఈసారి "ఇప్పుడు" అన్నది ఎవరో వినీలకు గుర్తు లేదు, తానే అన్నదేమో కూడా. రెండు రెక్కలూ చేతుల మీదకు వాలాయి. క్లిప్పు మూసుకుంది.

"రంగు!"

మీట మీద వేలు పెట్టింది. నొక్కింది. మంట లేదు. ఎక్కడో ఒక మూల చిన్న మెరుపు, అంతే. రక్తం ముందుకు, ముందుకే పోతోంది. మత్తు డాక్టరు గుండెలో ఎడమ వైపు ఒత్తిడి తగ్గి దారికొచ్చిందని అంకెలు చదువుతున్నాడు. చెన్నై ఆయన "విట్టుడు!" అని అరవంలో అరిచాడు, వదిలెయ్ అని. క్లిప్పును వదిలి గొట్టం వెనక్కి వచ్చింది. గదిలో చప్పట్లు మోగాయి. వినీల మాస్కులోపల ముక్కు కారుతూ, కళ్లు కారుతూ, చిన్నపిల్లలా ఎగురుతోంది.

ఎగిరాక ఒట్టు గుర్తొచ్చింది.

ఒంటిగంటకు పోలేరమ్మకు తెలివి వచ్చిందని చెప్పారు గానీ, వినీల వెంటనే పోలేదు. కింద కామాక్షయ్యకు సంగతి చెప్పింది, ఎకోలు రెండు తీసింది, మళ్లీ చేతులు కడుక్కుంది. చివరికి రెండున్నరకు, తిట్లు తినడానికి సిద్ధపడి, ఐసీయూలోకి పోయింది.

పోలేరమ్మ మంచం మీద చాపలా పరుచుకొని ఉంది. కాలు చాచి ఉంది, తల కింద దిండు లేదు. గొంతు గొట్టం వల్ల బొంగురుపోయింది గానీ నోరు మాత్రం ఆడుతూనే ఉంది.

"వచ్చినావా? యాడికి పొయ్యినావే ఇంతసేపు? గొంతులో ఏం తోసినారో ఏమో మండిపోతా ఉండాది, కాఫీ ఇమ్మంటే ఆ రెబెక్కమ్మ స్పూనుతో నీళ్లు పోస్తాదంట, మీ మామ కూడు తిన్నాడో లేదో కనుక్కున్నావా, ఆ పక్క మంచం ఆమెది వెంకటగిరంట, ఎండురొయ్యలంటే పడి చస్తాదంట, నేను పంపిస్తాలే అంటే ఆమెకీ ఉప్పు వద్దన్నారంట, ఇంక ఈ దేశంలో నా చేపలు కొనేదెవరే?"

వినీల అలాగే నిలబడిపోయింది. అత్త ఒక్కసారి కూడా ఆగలేదు. ఎక్కడా ఊపిరి వెతుక్కోలేదు. ఇప్పుడు ఊపిరి బిగబట్టుకున్నది వినీల.

"ఏందే అట్టా గుడ్లప్పగించి చూస్తావు? ఇంత పెద్ద ఆస్పత్రి కట్టినారే గానీ ఆ ఫ్యానుకు ఎంత దుమ్ము పట్టిందో చూడు, తుడిచే దిక్కు..."

పోలేరమ్మ ఆగింది. ఫ్యాను వంక చూసింది. చాలాసేపు చూసింది.

"వినీలా."

"ఊఁ అత్తా."

"ఫ్యాను నా మొహానికి ఎదురుగా ఎందుకుండాది?"

వినీల దుప్పటి అంచు సర్దింది.

"నేను... పడుకోనుండానా?"

"ఊఁ."

"ఎంతసేపట్నించే?"

"పొద్దుట్నించీ అత్తా. మెలకువొచ్చి కూడా గంటన్నరైంది."

పోలేరమ్మ కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి గుండె మీదకు వచ్చింది. అక్కడే ఆగింది. కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి జారాయి. కూర్చొని ఏడిస్తే కన్నీళ్లు చెంపల మీద పడతాయి, పడుకొని ఏడిస్తేనే చెవిలోకి పోతాయి.

"మునగలేదే" అంది.

"మునగలేదు అత్తా."

"ఒట్టు తీసి గట్టున పెట్టినావు గదే, దొంగదానా!" అని తిట్టి, ఇంకో చేత్తో మేనకోడలి చెయ్యి దొరకబుచ్చుకొని వదల్లేదు.

అప్పుడే కామాక్షయ్యను లోపలికి పంపారు. వినీల ఆయనకు అన్నీ చెప్పింది, పడుకోబెడతారని మాత్రం చెప్పలేదు. వెల్లకిలా పడి ఉన్న పెళ్లాన్ని చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తలుపు పట్టుకున్నాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు.

"ఏందయ్యా అట్టా చూస్తావు?" అంది పోలేరమ్మ. "కూడు తిన్నావా?"

కామాక్షయ్య మెల్లగా నడిచి వచ్చాడు. మంచం దగ్గరికొచ్చి, ఎనిమిది నెలల అలవాటు కొద్దీ, ఆమెకు వీపు తిప్పి కింద కూర్చున్నాడు. ఆనుకోమన్నట్టు వీపు నిటారు చేశాడు.

పోలేరమ్మ మంచం మీదనుంచి చెయ్యి కిందికి జార్చి ఆ వీపు తడిమింది. "ఇంక అక్కర్లేదులేయ్యా. నువ్వు కూడా పడుకో."

ఆయన ఒక్క క్షణం అలాగే కూర్చున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచి, ఒరిగాడు. ఒరగడమే ఆలస్యం, గురక మొదలైంది.

ఆ చప్పుడు విని రెబెక్కమ్మ గబగబా వచ్చింది. "ఇది ఐసీయూనా, సత్రమా? లేపండమ్మా ఆయన్ని, రూలొప్పుకోదు!" అంది.

పోలేరమ్మ తల ఎత్తలేదు, ఎత్తకూడదు కదా. బొంగురు గొంతుతోనే, సంతలో బేరం తెగ్గొట్టినట్టు చెప్పింది.

"లేపబాక తల్లీ. ఆయన పడుకొని ఎనిమిది నెలలైంది."